లండన్ నుంచి బాత్‌కు కోచ్‌లో ఒక్కరోజు: తక్కువ ఖర్చుతో వెళ్లి రావడం ఎలా

లండన్ నుంచి బాత్ అనే ఊరికి కోచ్‌లో, అంటే దూరప్రయాణపు బస్సులో, ఒక్కరోజులో వెళ్లి రావచ్చా? ఎంతవుతుంది? రోమన్ల కాలపు వేడినీటి స్నానశాల, ఇప్పుడు మ్యూజియంగా ఉన్న రోమన్ బాత్స్ టికెట్‌కు అంత పెట్టాలా? యూకేలో చదువుకునే పిల్లలు, వాళ్లను చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు తిప్పితిప్పి అడిగేవి ఇవే. హాయిగా వెళ్లి రావచ్చు. మనిషికి 30 పౌండ్ల చుట్టూ కూడా అవుతుంది, 70 దాటినా దాటుతుంది. రోమన్ బాత్స్ లోపలికి వెళ్తారా లేదా, టికెట్లు ఎంత ముందు కొన్నారు, ఏ టైముకు కొన్నారు అన్నదాన్ని బట్టే ఆ తేడా అంతా.

దూరం దాదాపు 185 కిలోమీటర్లు. కోచ్‌కు రెండుమ్ముప్పావు గంటల నుంచి మూడున్నర గంటలు పడుతుంది. రానూపోనూ ఆరేడు గంటలు రోడ్డు మీదే పోతాయి కాబట్టి ఊళ్లో మీకు మిగిలేది ఏడు గంటలు. ఈ ప్లానంతా ఆ ఏడు గంటల చుట్టూ కట్టిందే.

ఒక మాట ముందే చెప్పాలి. స్టోన్‌హెంజ్, విండ్సర్, బాత్ మూడూ ఒకేరోజు చూపిస్తామనే టూర్ ప్యాకేజీలు ఉంటాయి. వాటిలో బాత్‌కు మిగిలేది సాధారణంగా రెండు గంటల లోపే. ఫొటోలకు సరిపోతుంది, ఊరు చూడ్డానికి చాలదు. ఈ పద్ధతి బాత్ ఒక్కటే చూడాలనుకునేవాళ్లకు.

కావలసినవి

- రానూపోనూ కోచ్ టికెట్లు. కొన్ని వారాల ముందు కొంటే ఒకవైపు 10 నుంచి 15 పౌండ్లలో దొరుకుతుంటాయి. చివరి రెండు రోజుల్లో కొంటే ఇంకో టికెట్ కొన్నంత అవుతుంది.
- రోమన్ బాత్స్ టికెట్ (కావాలంటేనే). సీజన్‌ను బట్టి, రోజును బట్టి 20ల నుంచి 30 పౌండ్ల దాకా మారుతుంది. ఆన్‌లైన్‌లో ముందు కొంటే కౌంటర్ కన్నా తక్కువ. స్టూడెంట్ రేటు ఉంది, ఐడీ కార్డు మర్చిపోకండి.
- పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం డబ్బాలో. పులిహోర, చపాతీలు అయితే బస్సులో వాసన గొడవ ఉండదు.
- నీళ్ల బాటిల్, పవర్ బ్యాంక్, టోపీ ఉన్న పల్చటి రెయిన్ జాకెట్. గొడుగు ఉన్నా ఇరుకు వీధుల్లో పనికిరాదు.
- గ్రిప్ ఉన్న బూట్లు. ఊరంతా రాతి పలకలే, వాన పడితే జారతాయి.
- చిన్న బ్యాగు మాత్రమే. పెద్ద సూట్‌కేసులతో రోమన్ బాత్స్‌లోకి పోనివ్వరు.

1. రోజు ఎంచుకోండి

సోమవారం నుంచి గురువారం లోపు వెళ్లండి. కోచ్, రోమన్ బాత్స్ రెండూ చవక, జనం కూడా తక్కువ. శుక్రవారం, ఆదివారం సాయంత్రాలు ఎం4 మోటార్‌వే మీద ట్రాఫిక్ నత్తనడకే, తిరుగు ప్రయాణం గంట సాగుతుంది. నవంబరు చివరి నుంచి డిసెంబరు మధ్య దాకా జరిగే క్రిస్మస్ మార్కెట్ రోజుల్లో ఊరు కిటకిటలాడుతుంది, టికెట్ల ధరలు కొండెక్కుతాయి. మార్కెట్ కోసమే వెళ్తే సరే. లేకపోతే ఆ రోజులు వద్దు. డిసెంబరులో ఇంకో చిక్కు కూడా ఉంది. నాలుగింటికే చీకటి పడుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా, మళ్లీ సెప్టెంబరులో అన్నీ కలిసొస్తాయి.

2. ముందు కోచ్ టికెట్లు కొనండి

రోమన్ బాత్స్ టికెట్ ముందు కొనేసి, తర్వాత దానికి తగ్గ కోచ్ వెతుక్కోవడమే అందరూ చేసే తప్పు. కోచ్‌దే ముందు. నేషనల్ ఎక్స్‌ప్రెస్, ఫ్లిక్స్‌బస్ అనే రెండు కోచ్ కంపెనీలనూ పోల్చి చూడండి. వెళ్లేటప్పుడు పొద్దున ఏడున్నర, ఎనిమిదిన్నర మధ్య బయల్దేరేది, వచ్చేటప్పుడు సాయంత్రం ఆరు, ఏడు మధ్యది మంచివి. రెండు పౌండ్లు తక్కువని పదింటి బస్సు ఎక్కితే ఒంటిగంట దాటాక దిగుతారు. అప్పటికి సగం రోజు పోయినట్టే.

డబ్బు కట్టే ముందు ఈ మూడూ చూసుకోండి:

- దిగే స్టాప్ పేరు. మీకు కావలసింది ఊరి మధ్యలో, డార్చెస్టర్ స్ట్రీట్‌లో, రైల్వేస్టేషన్ పక్కనున్న బస్ స్టేషన్. కొన్ని సర్వీసులు యూనివర్సిటీ ఆఫ్ బాత్ దగ్గర ఆగుతాయి, అది ఊరి బయట కొండ మీద. అక్కడ దిగితే ఇంకో సిటీ బస్సు ఎక్కాలి. బాత్ స్పా యూనివర్సిటీ మళ్లీ వేరు, ఇంకో దిక్కున ఊరికి దూరంగా ఉంటుంది. రైల్వేస్టేషన్ పేరు కూడా బాత్ స్పానే, అందుకే తికమక.
- ఎక్కే స్టాప్. లండన్ నుంచి వెళ్లే చాలా సర్వీసులు హీత్రో మీదుగా పోతాయి. హౌన్స్‌లో, సౌతాల్ వైపు ఉండేవాళ్లు లండన్ మధ్యలో కోచ్‌లు బయల్దేరే విక్టోరియా దాకా వచ్చి మళ్లీ అదే దారిలో వెనక్కి పోవడం దండగ. హీత్రో సెంట్రల్ బస్ స్టేషన్‌లో ఎక్కండి.
- టికెట్ రకం. అన్నిటికన్నా చవకదానికి డబ్బు వెనక్కి రాదు, మార్చుకోవాలంటే ఫీజు కట్టాలి. వెళ్లేది చవకది, తిరుగుది మార్చుకోగలిగేది తీసుకోవడం తెలివైన పని. తప్పిపోయేది ఎప్పుడూ తిరుగు బస్సే.

16 నుంచి 26 ఏళ్లవాళ్లకు, ఫుల్‌టైమ్ స్టూడెంట్లకు నేషనల్ ఎక్స్‌ప్రెస్ కోచ్‌కార్డ్ మీద టికెట్‌లో మూడోవంతు తగ్గుతుంది. ఈ ఒక్క ప్రయాణానికైతే కార్డు ఖర్చు తిరిగిరాదు. ఏడాదిలో మూడు నాలుగు ఊళ్లు తిరిగే ఉద్దేశం ఉంటేనే తీసుకోండి.

3. రోమన్ బాత్స్‌కు మధ్యాహ్నం స్లాట్ పెట్టుకోండి

కోచ్ 10:45కి చేరుతుందని యాప్‌లో చూసి చాలామంది 11 గంటలకు స్లాట్ కొంటారు. ఎం4 మీద ఒక్క లేన్ మూసినా ఆ టైమ్ అందదు. దిగే టైముకు, స్లాట్‌కు మధ్య కనీసం గంటన్నర ఉండాలి. అంతకన్నా మంచిది మధ్యాహ్నం రెండింటి స్లాట్. బస్సు ఎంత ఆలస్యమైనా తట్టుకుంటుంది, పైగా చూసి బయటికొస్తే బస్ స్టేషన్ పది నిమిషాల నడకలోపే. మూసేవేళకు గంట ముందే లోపలికి పంపడం ఆపేస్తారు కాబట్టి మరీ సాయంత్రానికి మాత్రం వద్దు.

టికెట్‌కు పెట్టలేకపోతే కుమిలిపోనక్కర్లేదు. మిగతా ఊరంతా వీధి నుంచి ఊరికే చూడొచ్చు. కానీ ఒకే ఒక్కదానికి డబ్బు పెట్టాలంటే అది ఇదే కావాలి. నంబర్ 1 రాయల్ క్రెసెంట్ మ్యూజియం, పరేడ్ గార్డెన్స్, బాత్ అబ్బే చర్చి అంటూ తలా ఒక టికెట్ కొంటూ పోతే, దేన్నీ తీరిగ్గా చూడకుండానే రోమన్ బాత్స్ డబ్బు ఖర్చయిపోతుంది.

4. విక్టోరియాలో సరైన చోటికి వెళ్లండి

విక్టోరియా రైల్వేస్టేషన్ ముందు ఎర్రబస్సులు ఆగేది విక్టోరియా బస్ స్టేషన్. మీ కోచ్ అక్కడికి రాదు. విక్టోరియా కోచ్ స్టేషన్ వేరే. బకింగ్‌హామ్ ప్యాలెస్ రోడ్డు వెంట పది నిమిషాలు నడిస్తే, ఎలిజబెత్ స్ట్రీట్ మూల మీద వస్తుంది. ఎక్కాల్సింది డిపార్చర్స్ భవనంలో.

అరగంట ముందు చేరండి. బోర్డు మీద గేటు నంబరు చూసి ఆ గేటు దగ్గరే నిలబడండి. మన ఆర్టీసీ లెక్క ఇక్కడ పనిచేయదు: కదిలే బస్సును చెయ్యెత్తి ఆపలేరు, "మావాడు వస్తున్నాడు, ఒక్క నిమిషం" అంటే డ్రైవర్ వినడు, నిలబడి ప్రయాణం చేయనివ్వరు.

ఆదివారం వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆ రోజు ట్యూబ్ (లండన్ మెట్రో రైలు) మామూలుకన్నా ఆలస్యంగా మొదలవుతుంది. ఈస్ట్ హామ్ నుంచి డిస్ట్రిక్ట్ లైన్ నేరుగా విక్టోరియాకు వస్తుంది, కానీ మొదటి రైలు మీ బస్సుకు అందుతుందో లేదో ముందురాత్రే చూసుకోండి. ఇంజనీరింగ్ పనులని లైన్లు మూసేది కూడా వారాంతాల్లోనే.

5. బస్సులో

మధ్యలో టీ కోసం, టిఫిన్ కోసం ఆపరు. టాయిలెట్ లోపలే ఉంటుంది. వేడివేడి ఆహారం, మద్యం నిషేధం, చల్లారిన టిఫిన్ తినొచ్చు. సీటు బెల్టు పెట్టుకోవాలి.

6. దిగగానే కొండ ఎక్కేయండి

అందరూ బస్సు దిగి నేరుగా రోమన్ బాత్స్ ముందు గుమిగూడతారు. మీరు ఒంట్లో ఓపిక ఉండగానే పైకి వెళ్లి, మధ్యాహ్నం కిందికి దిగిరండి.

బస్ స్టేషన్ నుంచి సౌత్‌గేట్ షాపుల మధ్యగా స్టాల్ స్ట్రీట్ ఎక్కితే కుడిచేతి వైపు అబ్బే చర్చ్ యార్డ్ కనబడుతుంది. అక్కడ ఒక్క పది నిమిషాలు ఆగండి. బాత్ అబ్బే ముఖద్వారానికి రెండు పక్కలా రాతిలో పొడవాటి నిచ్చెనలు, వాటి మీద ఎక్కుతూ దిగుతూ దేవదూతలు. కొందరు తలకిందులుగా దిగుతుంటారు, అది చూడకుండా పోకండి. ఈ చర్చిని 1499లో మొదలుపెట్టిన బిషప్ పేరు ఆలివర్ కింగ్. ఆలివ్ చెట్టు, దాని చుట్టూ కిరీటం చెక్కించి తన పేరును అలా రాతికెక్కించుకున్నాడు. అదీ బయటే ఉంది, టికెట్ అక్కర్లేదు.

అక్కడి నుంచి మిల్సమ్ స్ట్రీట్ వైపు గానీ క్వీన్ స్క్వేర్ మీదుగా గానీ వెళ్లి గే స్ట్రీట్ ఎక్కండి. ఇదే రోజంతటిలో నిటారుగా ఉన్న ముక్క. పైన సర్కస్ అనే గుండ్రటి ఇళ్ల కూడలి. ఆర్కిటెక్ట్ జాన్ వుడ్ గీసిన ప్లాన్, 1754లో పని మొదలైంది. మూడు వంపు వరసలు కలిసి గుండ్రంగా తిరిగిన ఇళ్లు. సరిగ్గా మధ్యలో, చెట్ల కింద నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి, చుట్టూ గోడల నుంచి తిరిగి వినిపిస్తుంది. వినిపించలేదంటే నడిబొడ్డున లేరన్నమాట, రెండడుగులు జరిగి చూడండి.

బ్రాక్ స్ట్రీట్ వెంట ఐదు నిమిషాలు నడిస్తే రాయల్ క్రెసెంట్. ఆయన కొడుకు, ఆయన పేరూ జాన్ వుడ్డే, 1767లో మొదలుపెట్టాడు. 30 ఇళ్లు, ఒకే విల్లులాంటి వంపు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ఇళ్లకు ఆనుకుని ఉన్న గడ్డిలోకి దూరబోవడం. అది అక్కడ ఉండేవాళ్లది. దాని కింద, పల్లంలో కట్టిన గోడకు ఇవతల ఉన్నదే అందరికీ తెరిచిన రాయల్ విక్టోరియా పార్కు. మొత్తం వంపు ఒకే ఫొటోలో పట్టేది కూడా కింద నుంచే. పై నుంచి చూస్తే ఆ గోడ కనబడదు, అలా కనబడకుండానే కట్టారు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే ఈ ఎక్కుడంతా మానేయండి. అబ్బే దగ్గర నుంచి పుల్ట్నీ బ్రిడ్జి దాటి, గ్రేట్ పుల్ట్నీ స్ట్రీట్ వెంట సిడ్నీ గార్డెన్స్ దాకా చదునైన దారే. వెడల్పాటి వీధి, చివర ఉచిత తోట, కూర్చోడానికి బెంచీలు. బాత్ కళంతా ఆ ఒక్క వీధిలో కూడా కనబడుతుంది.

7. భోజనం

పార్కులో గడ్డి మీద కూర్చుని డబ్బా విప్పండి. అబ్బే చర్చ్ యార్డులో మాత్రం విప్పకండి. అక్కడి సీగల్ పక్షులు చేతిలోంచి చపాతీ లాక్కుపోతాయి, తమాషాకు చెప్పడం లేదు. వాన పడితే హై స్ట్రీట్‌లోని గిల్డ్‌హాల్ మార్కెట్‌లోకి వెళ్లండి. పైకప్పు ఉంది, చిన్న కెఫేలు ఉన్నాయి, లోపలికి టికెట్ లేదు. డబ్బా తేలేకపోతే సూపర్‌మార్కెట్ మీల్ డీల్ నాలుగైదు పౌండ్లలో అయిపోతుంది. శాకాహారులు శాండ్‌విచ్ మీద గుర్తు చూసుకుని తీసుకోండి.

8. రోమన్ బాత్స్‌ను సరిగ్గా చూడటం

టికెట్‌లోనే ఆడియో గైడ్ వస్తుంది. రెండు గంటలు పెట్టుకోండి.

లోపలికి వెళ్లగానే పై మెట్టు మీద నుంచి ఆకుపచ్చటి పెద్ద కొలను కనబడుతుంది, చుట్టూ రోమన్ చక్రవర్తుల విగ్రహాలు. జనమంతా అక్కడే అరగంట సెల్ఫీలు దిగి అలిసిపోతారు. నిజానికి ఆ విగ్రహాలు 19వ శతాబ్దం చివరివి. రోమన్లది కావాలంటే కిందికి చూడాలి. స్తంభాల మొదళ్ల నుంచి కింది భాగమే వాళ్లది. నీటి పచ్చదనం కూడా రోమన్ల కాలంనాటిది కాదు, అప్పట్లో పైకప్పు ఉండేది. ఇప్పుడు ఎండ తగిలి నాచు పెరుగుతోంది.

అన్నీ చూశారో లేదో బయటికొచ్చేముందు ఇలా సరిచూసుకోండి:

- బంగారు పూత పోసిన మినర్వా దేవత కంచు తల. 1727లో తవ్వుతుంటే దొరికింది.
- రోమన్ల గుడి ముంగిటి మీది గుండ్రటి ముఖం, జుట్టు పాముల్లా మెలితిరిగి ఉంటుంది.
- శాపాల రేకులు. గాజు వెనక అరచేయంత పల్చటి సీసపు రేకులు, మీద గీకిన అక్షరాలు. ఎవడో తన చేతి తొడుగులు పోయాయని, ఇంకొకడు అంగీ పోయిందని, దొంగను శిక్షించమని దేవతకు పెట్టుకున్న మొరలు. ఇలాంటివి 130 దాకా దొరికాయి. పక్కనున్న అనువాదాలు తీరిగ్గా చదవండి, ఈ మ్యూజియం మొత్తంలో మనుషుల గొంతు సూటిగా వినపడేది ఇక్కడే.
- పొంగిపొర్లే నీటి కాలువ. రోమన్లు కట్టిన తూము గుండా వేడినీళ్లు ఆవిరి కక్కుతూ పోతుంటాయి, రాళ్లు ఇనుము వల్ల తుప్పు రంగు పట్టి ఉంటాయి.
- పెద్ద కొలను, గట్టు మీద నిలబడి. 1.6 మీటర్ల లోతు, అడుగున రోమన్లు పరిచిన సీసపు పలకలు ఇంకా ఉన్నాయి.
- నేలను కింద నుంచి వేడిచేసిన గదిలో ఇటుకల దొంతరలు.

ఈ ఊట నీరు 46 డిగ్రీల వేడితో రోజుకు 11 లక్షల లీటర్ల పైచిలుకు పైకి ఉబుకుతుంది. చేయి పెట్టి చూడాలనిపిస్తుంది. పెట్టకండి. ఆ కొలను నీటిని శుద్ధి చేయరు. 1978లో ఈ ఊట నీటి ఈతకొలనులో దిగిన ఒక అమ్మాయి నీటిలోని అమీబా వల్ల మెదడువాపు వచ్చి చనిపోయింది. ఊళ్లో స్నానాలు అప్పుడే ఆపేశారు. మన దగ్గర పుణ్యతీర్థంలో నెత్తిన నీళ్లు చల్లుకునే అలవాటు ఉంది కాబట్టి పెద్దవాళ్లకు ఇది లోపలికి వెళ్లకముందే చెప్పండి. తాగాలని ఉంటే చివర్లో కుళాయి ఉంది, అది శుద్ధి చేసిన ఊట నీరు. గోరువెచ్చగా, ఇనుప రుచితో ఉంటుంది. సగం గ్లాసు చాలు.

స్నానమే చేయాలంటే థర్మే బాత్ స్పా వేరుగా ఉంది, 2006లో తెరిచారు. మేడ మీద కొలను, రెండు గంటల సెషన్, 16 ఏళ్లు నిండాలి. టవల్, రోబ్, చెప్పులు వాళ్లే ఇస్తారు, ఈత దుస్తులు మీవి. ధర రోమన్ బాత్స్ కన్నా ఎక్కువ కాబట్టి రెంటిలో ఒకటే పెట్టుకోండి. రెండూ పెట్టుకుంటే ఇది తక్కువ ఖర్చు ప్రయాణం కాదు, పైగా టైమూ చాలదు.

టికెట్ కొననివాళ్లకు మంచి ప్రత్యామ్నాయం ఉంది. మేయర్ తరఫున స్వచ్ఛంద గైడ్లు నడిపించే ఉచిత వాక్ రోమన్ బాత్స్ పక్కనే ఉన్న పంప్ రూమ్ భవనం బయట మొదలవుతుంది. దాదాపు రెండు గంటలు. సాధారణంగా పొద్దున పదిన్నరకు ఉంటుంది, చాలా రోజుల్లో మధ్యాహ్నం రెండింటికి కూడా. శనివారం టైమింగులు వేరు, ముందే చూసుకోండి. టిప్ ఇవ్వబోతే తీసుకోరు. లండన్ నుంచి వచ్చేవాళ్లకు పదిన్నర అందదు, రెండింటిదే నమ్ముకోండి.

9. బ్రిడ్జి, తిరుగు బస్సు

నాలుగింటికి రోమన్ బాత్స్ నుంచి బయటపడితే పుల్ట్నీ బ్రిడ్జికి టైముంటుంది. రెండు పక్కలా దుకాణాలున్న 18వ శతాబ్దపు వంతెన. దాని మీద నడిస్తే మామూలు వీధిలాగే ఉంటుంది, "బ్రిడ్జి ఎక్కడ?" అని అడుగుతూ దాటేస్తారు. గ్రాండ్ పరేడ్ మీద రెయిలింగ్ దగ్గరికి రండి. కింద నది, మెట్లుమెట్లుగా దిగే నీళ్లు, వెనక వంతెన, అన్నీ అక్కడి నుంచే కనబడతాయి.

బస్సు టైముకు 40 నిమిషాల ముందు అక్కడి నుంచి కదలండి. నడక పది పన్నెండు నిమిషాలే. మిగతాది టాయిలెట్‌కు, రాత్రికి తినేది కొనడానికి, స్టాండ్ నంబరు వెతుక్కోవడానికి. టికెట్ మీది స్టాప్ పేరు ఇంకోసారి చదవండి. మీరు దిగినచోటే తిరుగు బస్సు కూడా ఆగుతుందని, ముఖ్యంగా రెండు వేర్వేరు కంపెనీల టికెట్లు కొన్నప్పుడు, అనుకోవద్దు.

బస్సు తప్పిపోతే కంగారుపడి రైలు టికెట్ కొనకండి. బాత్ స్పా నుంచి లండన్‌లోని పాడింగ్టన్ స్టేషన్‌కు గంటన్నర లోపే, కానీ అప్పటికప్పుడు కొంటే మీ రోజంతా ఖర్చుకన్నా ఎక్కువవుతుంది. ముందు యాప్‌లో తర్వాతి కోచ్ చూడండి. లేకపోతే పక్క ఊరు బ్రిస్టల్ నుంచి చూడండి, అక్కడి నుంచి లండన్‌కు రాత్రి దాకా చాలా ఎక్కువ సర్వీసులు ఉంటాయి. బాత్ నుంచి బ్రిస్టల్‌కు రైలు పావుగంట లోపే, బస్సు గంట. ఇంగ్లండ్‌లో చాలా లోకల్ బస్సుల సింగిల్ టికెట్ 3 పౌండ్లు మించకూడదన్న నియమం 2027 మార్చి దాకా ఉంది. బ్రిస్టల్‌లో రైలు దిగే టెంపుల్ మీడ్స్ స్టేషన్, కోచ్‌లు బయల్దేరే మార్ల్‌బరో స్ట్రీట్ బస్ స్టేషన్ ఒకటి కావు. నడిస్తే పాతిక నిమిషాల దాకా పడుతుంది, ఆ లెక్క వేసుకునే తర్వాతి కోచ్ బుక్ చేయండి. లోకల్ బస్సులో వెళ్తే ఆ నడక తప్పుతుంది, అది నేరుగా బస్ స్టేషన్‌కే పోతుంది.